పరుపుల కింది వైరు

కబురు వచ్చేసరికి అతను బాత్‌రూమ్‌లో స్టూలెక్కి, కేబుల్ దూర్చిన కన్నం చుట్టూ తెల్ల సిమెంటు పూస్తున్నాడు. రెండు చేతులూ మణికట్ల దాకా సిమెంటే. చొక్కా జేబులో ఫోను గుర్రుమంది.

"నువ్వే తియ్యి," అన్నాడు భార్యతో.

ఆమె రెండు వేళ్లు పెట్టి ఫోను పైకి లాగింది. పెళ్లయి నలభై రెండు రోజులైనా, అతని జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా పక్కింటి చెట్టు కాయ కోస్తున్నట్టు ఒక దొంగ సంతోషం ఆమెకు. తెర మీద నాలుగు వరుసల సందేశం. మొదటిసారి మనసులో చదువుకుంది. రెండోసారి బడిలో హాజరు పిలిచే గొంతుతో పైకి చదివింది. దరఖాస్తు ఆమోదించారు, వైర్‌మన్ లైసెన్సు మంజూరైంది, నంబరు ఇదీ.

అతను స్టూలు దిగలేదు. "నంబరు చివర ఏడా, ఒకటా?"

"ఏడు."

"సరిగ్గా చూడు. ఆ తెర మీద ఒక గీత ఉంది."

"ఏడేనయ్యా మహానుభావా. గీత దాని పక్కనుంచి పోయింది."

అప్పుడు కూడా అతను కన్నం చుట్టూ సిమెంటును చూపుడువేలితో నున్నగా తిప్పి, గోడ మీద పడ్డ మరక తుడిచాకే దిగాడు. దిగాక మాత్రం ఆగలేదు. సిమెంటు చేతులు రెండూ గాల్లోకెత్తి, ఆమె బట్టలకు అంటకుండా మోచేతులతోనే దగ్గరికి లాక్కున్నాడు. మోచేతులతో కౌగిలించుకోవడం ఇంత బాగుంటుందని ఏ పుస్తకంలోనూ రాయలేదేమిటా అనుకుంది ఆమె.

"ఏమిటర్రా అక్కడ చప్పుడు ఆగిపోయింది?" అని ముందుగదిలోంచి అత్తగారు అడిగింది.

"మీ అబ్బాయికి లైసెన్సు వచ్చింది అత్తయ్యా. నువ్వు చెప్పు..." అని నాలిక్కరుచుకుని, "మీరే చెప్పండి," అని అతన్ని ముందుకు తోసింది. తలుపు వేసి ఉంటే నువ్వు, అత్తగారి ముందు మీరు అని ఇద్దరికీ ఒక ఒప్పందం. వారానికి మూడుసార్లయినా అది ఆమె నోటినుంచి జారిపోతూనే ఉంది. అత్తగారు వినీ విననట్టు ఊరుకుంటుంది.

తొమ్మిదేళ్లు అతను ఒక మేస్త్రి దగ్గర పనిచేశాడు. ఎన్ని ఇళ్లకు వైరింగు చేశాడో లెక్కలేదు గాని, పని సక్రమంగా పూర్తయిందని కరెంటు ఆఫీసుకిచ్చే కాగితం మీద సంతకం మాత్రం ఎప్పుడూ మేస్త్రిదే. చేతులు ఇతనివి, పేరు ఆయనది. ఇకనుంచి పని కింద ఇతని పేరే ఉంటుంది. పని మంచిదైతే ఇతనిదే, చెడిపోయినా ఇతనిదే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గనక, లైసెన్సు రాగానే మొదటి సంతకం సొంత ఇంటి పని కిందే పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఆ పని ఈ కరెంటు షవరే. గోడకు బిగించే చిన్న పెట్టె. చన్నీళ్లు ఒక పక్క లోపలికి పోయి ఇంకో పక్క వేడిగా బయటికి వస్తాయి.

అది అత్తగారి కోసం. ముప్పై ఏళ్లు బట్టల దుకాణంలో తానులు ఎత్తి దించిన కుడిభుజం పదకొండు నెలలుగా పైకి లేవడం లేదు. మగ్గు తల మీదికి పోదు. మొదట్లో కింది వాటాలో ఉండే కుట్టుపని ఆవిడ వచ్చి పోసేది. ఇప్పుడు కోడలు పోస్తోంది. ఎవరు పోసినా అత్తగారు తలవంచుకుని కూర్చునే తీరు ఒక్కటే. "ఈ వయసులో మళ్లీ నన్ను చంటిపిల్లని చేశారు," అనేది. నవ్వుతూనే అనేది గాని, ఆ నవ్వు కళ్ల దాకా పోయేది కాదు.

కేబుల్ ఏ సైజుది వెయ్యాలో తేలింది పెళ్లయిన నాలుగో రోజున, అటక మీద.

ఆ రోజుకి ఇల్లంతా చుట్టాలు. ఉన్నవి రెండు గదులు, మధ్యన ఒక కారిడార్. అటక మీదుండే పరుపులన్నీ కిందికి దిగి, అడుగు తీసి అడుగు వేసే సందు లేకుండా పరుచుకున్నాయి. కొత్త జంట ఒక మాట చెప్పుకోవాలంటే ముగ్గురు పిన్నులు, ఒక బాబాయి వినాల్సిందే. అట్లాంటి సమయంలో అతను అందరూ వినేటట్టు, "షవర్ వైరుకి దారి కొలవాలి. టేపు అవతలి కొస ఎవరైనా పట్టుకుంటారా?" అన్నాడు. మాట పూర్తయ్యేసరికి ఆమె నిచ్చెన మూడో మెట్టు మీద ఉంది.

కారిడార్ పైకప్పు కింద పొడుగ్గా, బోర్లించిన అగ్గిపెట్టెలా ఉంటుంది ఆ అటక. కూర్చుంటే తల తగలదు, లేస్తే తగులుతుంది. పరుపులు లేక బోసిగా, శుభ్రంగా ఉంది. అతను సంచిలోంచి మూడు కేబుల్ ముక్కలు తీసి చెక్కల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇది నాలుగు ఎమ్మెమ్, ఇది ఆరు, ఇది పది. షవర్ ఎనిమిదిన్నర కిలోవాట్లు. ఎన్ని ఆంప్స్ లాగుతుందో చెప్పు, డిగ్రీ."

భౌతికశాస్త్రంలో పట్టా ఉన్నందుకు అతను పెట్టిన పేరు అది. ఆమె ఒక బడిలో సైన్సు ప్రయోగశాల చూసుకుంటుంది. లెక్క వేళ్ల మీదే వేసింది. "ముప్పై ఏడు."

"అయితే ఏ ముక్క?"

అతని నోటు పుస్తకంలో పట్టిక చూసింది. "నాలుగు. నాలుగుకి ఎదురుగా ముప్పై ఏడే ఉంది, అచ్చు గుద్దినట్టు."

"అంచు దాకా పాలు పోసిన గ్లాసు పట్టుకుని మెట్లెక్కమంటే ఎక్కుతావా?"

"ఎక్కను."

"మరి వైరుని ఎందుకు ఎక్కమంటున్నావు? పైగా బ్రేకర్ నలభైది. ముప్పై తొమ్మిది పోయినా అది కదలదు. కాపలావాడు లేచేలోపే వైరు మాడిపోతే ఆ కాపలా ఎందుకు? వైరు బ్రేకర్ కన్నా గట్టిదవ్వాలి." మధ్య ముక్క ఆమె అరచేతిలో పెట్టాడు. "ఆరు. నలభై ఏడు దాకా మోస్తుంది."

చదువుకున్న తీగకి మందం, నిరోధం అన్నీ ఉన్నాయి గాని బరువు లేదు. ఇప్పుడు అరచేతిలో చల్లగా, బరువుగా ఉంటే ఆమెకు అదొక కొత్త పాఠంలా తోచింది. కారిడార్ గోడ మీదుగా వేరే దారి ఒకటి ఉంది. కాస్త దూరం ఎక్కువ. పైగా తెల్లగా సున్నం వేయించుకున్న గోడ మీద వైరు కనబడకూడదని అత్తగారి పట్టుదల. అటక మీదుగా అయితే పధ్నాలుగు మీటర్లే. ఎవరి కంటా పడదు. ఇన్ని మంచి కారణాలుండగా అసలు కారణం ఎవరూ ఒప్పుకోనక్కర్లేకపోయింది.

దిగేసరికి చిన్న పిన్ని గడియారం చూసింది. "పధ్నాలుగు మీటర్లు కొలవడానికి గంటన్నరా? వీడు ఊరందరికీ కరెంటిచ్చేసరికి మనవలు పుట్టేస్తారు."

"వీళ్లు కొలిచే తీరు చూస్తే మనవలే ముందు," అంది పెద్ద పిన్ని.

చుట్టాలు వెళ్లాక పరుపులు ముందుగదిలో ఒక మూల పేర్చారు. వైరు పని అయ్యేదాకా పైకి ఎక్కించొద్దని అతనే అన్నాడు. పని చేసుకోవడానికి అడ్డమని.

లైసెన్సు వచ్చిన సాయంత్రం మేస్త్రి వచ్చాడు. ఆయన అతన్ని పేరు పెట్టి పిలవగా ఆమె ఇంతవరకు వినలేదు. ఆయనకి అతను 'మిల్లీమీటరు'. స్క్రూ తలల గాట్లన్నీ నిలువుగా ఒకే వరసలో ఉండాలని పట్టుబట్టేవాడికి ఆ పేరే తగిందంటాడు.

షవర్ మూత విప్పించి ప్రతి స్క్రూ తిప్పి చూశాడు. ఎర్త్ చూశాడు. బ్రేకర్ పెట్టెలోకి టార్చి వేసి చూశాడు. అటక దగ్గరికి వచ్చేసరికి ఆయన పొట్ట, అటక వాకిలి రెండూ ఒకదాన్నొకటి చూసుకుని రాజీకొచ్చాయి. కిందే నిలబడి గీసిన పటం చూశాడు.

"అటక మీద ఏముందిరా?"

"ఏమీ లేదు మేస్త్రిగారూ. ఖాళీ."

"సరే. వంక పెట్టడానికి లేదు. ఎంత కసిగా వచ్చానో తెలుసా అమ్మాయ్," అన్నాడు ఆమె వైపు తిరిగి. "ఒక్క తప్పు పట్టుకుంటే జన్మంతా దెప్పొచ్చని. అన్యాయం చేశాడు."

అతను పాత కాగితం మీద సంతకం పదకొండుసార్లు సాధన చేసి, అసలు కాగితం మీద పన్నెండోది పెట్టాడు. లైసెన్సు నంబరు కింద వేశాడు. చివర ఏడు.

ఆ రాత్రి భోజనాలకి ముందే అత్తగారు స్నానానికి వెళ్లింది. పావుగంట పైన నీళ్ల చప్పుడు. బయటికి వచ్చి, తడిజుట్టు ఎడం చేత్తో తుడుచుకుంటూ, ఎవరినీ చూడకుండా, "నా తల నేనే రుద్దుకున్నాను," అంది. అంతే అంది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న ఆమెకు గిన్నెలన్నీ ఒక్కసారి మసకబారాయి.

మర్నాడు అతను కాగితం ఆఫీసులో ఇవ్వడానికి వెళ్లాడు. ఇంట్లో అత్తాకోడళ్లు పరుపులు అటక ఎక్కించారు. ఏడు పరుపులు, పది రగ్గులు. అత్తగారు కిందినుంచి ఎడం చేత్తో తోస్తూ, "కుక్కు, ఇంకా లోపలికి కుక్కు, దానికేం నొప్పి పుట్టదు," అని హుషారు చేసింది. ఆమె మోకాళ్లతో తొక్కి తొక్కి సర్దింది. తెల్ల కేబుల్ పరుపుల కింద ఎంత చక్కగా దాగిపోయిందో అని మురిసిపోయింది కూడా.

మరో తొమ్మిది రోజులు గడిచాయి. ఆ ఇంట్లో వాటిని రోజులనడం తక్కువ, పండగలనాలి. లైసెన్సు కార్డు వచ్చింది. అతను దాన్ని అద్దానికి ఆనించి తల దువ్వుకుంటూ చూసుకునేవాడు. కుట్టుపని ఆవిడ తనకూ అట్లాంటి షవరే కావాలని అడిగింది. "మీకూ అటక మీదుగానే లాగుదామండి, కంటికి కనబడదు," అని మాటిచ్చాడు. సొంత పేరు మీద రెండో పని. నడుస్తుంటే కాళ్లు భూమికి జానెడు పైనే ఉండేవి.

పదో రోజు పొద్దున ఆ కుట్టుపని ఆవిడే ఒక రగ్గు అరువు కావాలంది. ఆమె నిచ్చెనెక్కింది. బాత్‌రూమ్‌లో అత్తగారి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. రగ్గు లాగడానికి అడుగు పరుపు కింద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ఎవరో అప్పుడే నిద్రలేచి వెళ్లిన పక్కలా ఉంది.

పిల్లి పడుకుందేమో అనుకుంది. పిల్లి లేదు. ఇంకాస్త లోపలికి చెయ్యి పోనిచ్చింది. వేళ్లకి కేబుల్ తగిలింది. వేడి దానిది.

కింద నీళ్లు ఆగాయి. ఆమె అక్కడే కూర్చుని, కేబుల్ మీద చెయ్యి అలాగే ఉంచింది. చాలాసేపటికి గాని అది చల్లబడలేదు.

చెయ్యి అబద్ధమాడొచ్చు, అంకె ఆడదు. ఆ రోజు బడిలో పుస్తకంలో రాసి ఒక థర్మామీటరు ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు అత్తగారు స్నానానికి వెళ్లే ముందు చూస్తే ముప్పై. నీళ్లు ఆగాక చూస్తే యాభై రెండు. ఆ పై రోజు యాభై నాలుగు. కేబుల్ మీద ప్లాస్టిక్ డెబ్బై వరకే ఓర్చుకుంటుందని అతని నోటు పుస్తకంలోనే ఉంది. ఒక్క మనిషి ఒక్క స్నానానికి యాభై నాలుగు. రేపు చుట్టాలొచ్చి ఒకరి తర్వాత ఒకరు నలుగురు చేస్తే? చలికాలం అత్తగారు అరగంట నిలబడితే?

చెబుదామని సాయంత్రం నోరు తెరిచింది. అతను కుట్టుపని ఆవిడ ఇంటికి పటం గీస్తున్నాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "డిగ్రీ, ఇటు చూడు, వాళ్ల అటక మనదానికన్నా రెండడుగులు తక్కువ," అన్నాడు. ఆ ముఖం చూసి ఆమె పటం మీదికే వంగింది. మొదటి సంతకం. తొమ్మిదేళ్ల తర్వాతి మొదటి సంతకం. దాన్ని యాభై చిల్లర రోజుల భార్య వచ్చి తప్పంటే ఎలా ఉంటుంది? పోనీ చెప్పకుండా, పరుపులు మెల్లగా ఒక్కొక్కటే దించేస్తే? బరువు మోసేది తనేగా. ఎవరికీ తెలియదు. కాగితం కాగితంలాగే ఉంటుంది.

ఆ ఉపాయం ఆమెకు ఒక పూట బాగానే ఉంది. మర్నాడు పొద్దున అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరినీ పిలవకుండా, తన స్నానానికి తాను నడిచి వెళ్తుంటే ఇక బాగా లేకపోయింది.

"ఒకసారి అటకెక్కుతారా?" అంది అతనితో.

అతను నవ్వాడు. "టేపు తేవాలా?"

"అక్కర్లేదు. చెయ్యి తెస్తే చాలు."

నవ్వుతూనే ఎక్కాడు. నీళ్ల చప్పుడు మొదలై పది నిమిషాలైంది. ఆమె అతని చెయ్యి పట్టుకుని పరుపు కిందికి పోనిచ్చింది. మొదట అతను వేళ్లు ఆమె వేళ్ల చుట్టూ వేశాడు. తర్వాత వదిలేశాడు. ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండి, లోపలినుంచి దీపం ఆర్పినట్టయింది.

"కొలిచావా?"

"యాభై నాలుగు నిన్న. మొన్న యాభై రెండు."

"మొన్ననే తెలుసా?"

"అటు మొన్న. చేతికి తగిలింది."

"అన్ని రోజులూ చెప్పలేదు."

"నీ ముఖం చూస్తే నోరు రాలేదు."

"నా ముఖానిదేముంది. అమ్మ నిలబడుతోంది దాని కింద," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

అతను జేబులోంచి నోటు పుస్తకం తీశాడు. పట్టిక కింద చిన్న అక్షరాల వరస మీద గోరు పెట్టి ఆమెకు చూపించాడు. కేబుల్‌ని అన్నివైపులా దూది, పరుపు లాంటివి కప్పి ఉంటే, అది మోసేది సగమే. "పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. సరిగ్గా రాశాను కూడా. నలభై ఏడులో సగం ఇరవై మూడున్నర. మనం ముప్పై ఏడు పంపుతున్నాం."

"మరి బ్రేకర్ ఎందుకు పడలేదు?"

"దానికి ఆంప్స్ తెలుసు. పరుపుల సంగతి తెలీదు. వైరులో ఎప్పుడూ వేడి పుడుతుంది. గాలి తగిలితే పుట్టింది పుట్టినట్టు పోతుంది. పోవడానికి దారి లేకపోతే లోపలే పేరుకుంటుంది. తప్పు వైరుది కాదు."

మూడు రోజులు తను లోపల పేర్చుకున్నదేమిటో ఆమెకు తెలుసు.

"పది ఎమ్మెమ్ వేస్తే?"

"అరవై నాలుగులో సగం ముప్పై రెండు. దానికీ ఊపిరాడదు."

"అయితే పరుపులు దించేద్దాం. వాటికి వేరే చోటు చూసుకుందాం. అప్పుడు ఆరు సరైనదే, కాగితం కూడా సరైనదే. నువ్వు సంతకం పెట్టినప్పుడు అటక ఖాళీగానే ఉంది. అబద్ధం కాదు."

అతను పరుపుల వైపు చూశాడు. ఆ మాట అతనికీ తోచిందని, దాని దగ్గర ఒక క్షణం ఆగాడని ఆమెకు అర్థమైంది.

"వైరు ముప్పై ఏళ్లుంటుంది," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్లు ఈ అటక ముందు మనం కాపలా కూర్చోలేం. మనం లేనప్పుడు ఎవరో ఒకరు మళ్లీ పరుపులు తెచ్చి కుక్కుతారు. అటక ఉన్నదే అందుకు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఇక్కడ పరుపులే చూశాను. మరి ఆ రోజు ఖాళీ అని ఎలా రాసుకున్నాను?"

"ఆ రోజు ఇక్కడ మనమున్నాం," అంది ఆమె.

అతను ఆమె వైపు చూశాడు. సిగ్గు, నవ్వు కలిసి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ చూపు. నీళ్ల చప్పుడు ఆగింది. ఇద్దరూ దిగారు. అతను నేరుగా బ్రేకర్ పెట్టె దగ్గరికి వెళ్లి షవర్ బ్రేకర్ ఆపేసి, దాని మీద కాగితం అంటించాడు. వెయ్యకూడదు అని రాశాడు.

తర్వాత మేస్త్రికి ఫోను చేశాడు. ఆమె వినాలని స్పీకర్‌లో పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అడిగాను కదరా, అటక మీద ఏముందని."

"అప్పుడు ఖాళీయే."

"అటక ఖాళీగా ఉంటుందా ఎక్కడైనా? నాకైనా బుద్ధుండాలి, నిచ్చెన మీదనుంచి తొంగి చూడాలి." గొంతు సవరించుకున్నాడు. "తొమ్మిదేళ్లు వెతికాను నీ పనిలో తప్పు కోసం. దొరకలేదు. పెళ్లి చేస్తే గాని దొరకలేదు. కనిపెట్టింది ఎవరు?"

"మా ఆవిడ."

"చేయించిందీ ఆవిడే, పట్టుకున్నదీ ఆవిడేనా? బాగుంది. ఆఫీసుకి నన్ను రమ్మంటావా? మొదటి కాగితమే వెనక్కి అడిగితే ఆ గుమాస్తా పదిమందికి చెప్పి నవ్వుతాడు."

"నవ్వనీండి. సంతకం నాది. నేనే వెళ్తాను."

"వెళ్లు మరి," అన్నాడు మేస్త్రి. కాస్త ఆగి, "కింది వాళ్ల అటక కూడా చూసిరా ముందు," అని పెట్టేశాడు. ఈసారి మిల్లీమీటరు అనలేదని ఆమె గమనించింది. అతనూ గమనించాడు.

మిగిలింది అత్తగారు. ముందుగదిలో కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది. అతను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వైరు వేడెక్కుతోందని, తప్పు తనదని, వేరే దారిన లాగాలని, ఆ దారి కారిడార్ గోడ మీదనుంచేనని, లాగేదాకా షవర్ వాడకూడదని చెప్పాడు.

"పరుపులు ఎక్కించింది మేమిద్దరం," అంది అత్తగారు. "నీ తప్పెలా అయింది?"

"ఎక్కిస్తారని నాకు తెలిసుండాలి. అందుకేగా లైసెన్సు."

అత్తగారు కోడలి వైపు చూసింది. "నువ్వేనా చూసింది?"

"నేనే అత్తయ్యా. ముందే చెప్పాల్సింది. ఆయన సంబరం చూసి..." ఆగి, "భయమేసింది," అంది.

"వాడికా? వాడికి భయపడితే ఇక ఈ ఇంట్లో దోమలకి కూడా భయపడాలి."

అతను తలొంచుకుని నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తో కుడిభుజం మెల్లగా నొక్కుకుంది. "అంటే రేపు నాకు మళ్లీ మగ్గే."

ఆ మాటకి కూడా ఆమె మూడు రోజులు భయపడింది. ఇప్పుడు అది గది మధ్యలో ఉంది.

"ఒకటి రెండు రోజులు," అన్నాడు అతను.

"ఒకటా, రెండా?"

అతను మనసులో లెక్క వేశాడు. "ఎల్లుండి పొద్దున్న స్నానం షవర్ కిందే."

అత్తగారు లేచి కారిడార్‌లోకి వెళ్లింది. వాళ్లిద్దరూ వెనకే వెళ్లారు. తెల్లటి గోడ, ఈ చివరనుంచి ఆ చివరకు, ఒక్క మేకు కన్నం లేకుండా. దాని మీద అత్తగారు అరచెయ్యి ఆనించి నడుస్తూ బాత్‌రూమ్ తలుపు దాకా వెళ్లి వచ్చింది.

"ఎంత లావుంటుంది?"

"పది ఎమ్మెమ్ కేబుల్. పైన తెల్ల ప్లాస్టిక్ పట్టీలో మూసేస్తాను. నా బొటనవేలంత కనబడుతుంది. ఆరు వేస్తే సన్నగా ఉంటుంది గాని, పట్టీలో కూడా గాలి తక్కువే. మళ్లీ అంచు మీద నడిచినట్టే."

"పదే వెయ్యి. ఎలాగూ కనబడేదే, సన్నంగా కనబడితే ఏం, లావుగా కనబడితే ఏం. మొహమాటపడి సన్నది వేస్తే రోజూ నీళ్ల కింద నిలబడి దాని గురించే ఆలోచించాలి." గోడ మీద చేత్తో ఒక ఎత్తు చూపించింది. "ఇక్కడినుంచి. కళ్ల ఎదురుగా. వేడెక్కితే చెయ్యి పెట్టి చూసుకుంటాను."

"వేడెక్కదమ్మా."

"మొన్న కూడా అన్నావు."

అతను ఆ మాటని తీసుకున్నాడు. దాన్ని తోసెయ్యకుండా, దాని కింద నిలబడినట్టు నిలబడ్డాడు. తన భర్త మీద ఆమెకు ఇదివరకు లేని ఒక కొత్త ఇష్టం అప్పుడు పుట్టింది. అద్దం ముందు కార్డు చూసుకునే మనిషి మీది ఇష్టానికి, దీనికి సైజే వేరు.

"ఇవాళ ఆదివారం. రేపు తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తీసేసరికి అక్కడుంటాను," అన్నాడు అతను. "కాగితం వెనక్కి తీసుకుని, వస్తూ వస్తూ కేబుల్, పట్టీ తెస్తాను. పదకొండుకి పని మొదలు."

"నేను బడికి సెలవు పెడతాను. నువ్వు వచ్చేలోపు..." ఆమె మాట మింగి అత్తగారి వైపు చూసింది.

"నువ్వే అను, నాకేం," అంది అత్తగారు. "గోడల్లోంచి రోజూ వినబడుతూనే ఉంది." కొడుకు వైపు తిరిగి వేలు చూపించింది. "పొద్దున్న ఏడింటికి అమ్మాయి నాకు నీళ్లు పోసేస్తుంది. ఎనిమిదికి కింది ఆవిడని పిలిచి, మనకి జరిగింది చెబుదాం. నువ్వొచ్చేసరికి ఈ కారిడార్‌లో ఉన్న సామానంతా మేం ముగ్గురం గదిలోకి సర్దేస్తాం. రేపు చీకటి పడేలోపు ఈ గోడ పని అయిపోవాలి."